బరువు తగ్గే ఇంజెక్షన్: ఈ వారం ఎక్కడ, వచ్చే వారం ఎక్కడ?

బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోని మందుల షాపుల్లోకి వచ్చాయి. ఇంజెక్షన్ అంటే నర్సుకు చెయ్యి అప్పగించి ముఖం పక్కకు తిప్పుకోవడమే అలవాటైన వాళ్లు, ఇప్పుడు వారానికోసారి తమకు తామే వేసుకుంటున్నారు. డాక్టరు గదిలో మోతాదు గురించి, వికారం గురించి, తిండి గురించి బోలెడు మాటలు నడుస్తాయి. ఎక్కడ వేసుకోవాలన్న విషయానికి వచ్చేసరికి మాత్రం "పొట్టకు వేసుకోండి" అన్న ఒక్క ముక్కతో సరి. ఆ ముక్క పట్టుకుని నెలల తరబడి బొడ్డుకు కుడిపక్కన ఒకే చోట పొడుచుకుంటున్న వారి కోసం ఈ వివరమంతా.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇదంతా డాక్టరు చూసి రాసిచ్చిన మందు గురించే. భార్యాభర్తలిద్దరూ ఒకే పెన్ను (మందు ముందే నింపి ఉండే, పెన్ను ఆకారపు ఇంజెక్షన్) వాడుకోవడం, "సూది మారుస్తున్నాం కదా" అని సర్దిచెప్పుకోవడం అక్కడక్కడా వింటున్నాను. సూది మార్చినా ఒకరి రక్తపు జాడ పెన్ను లోపలికి చేరవచ్చు. పెన్ను ఒక్కరిదే. ఒక్క డోసు వయల్‌ను, అంటే చిన్న మందు సీసాను, ఇద్దరు పంచుకోవడమూ అంతే తప్పు.

వేసుకోదగ్గ చోట్లు

ఈ మందు కండలోకి వెళ్లకూడదు, రక్తనాళంలోకి అసలే వెళ్లకూడదు. చర్మానికీ కండకూ మధ్య ఉండే కొవ్వు పొరలోకి వెళ్లాలి. ఆ పొర తగినంత మందంగా ఉండి చేతికి అందే భాగాలు మూడు: పొట్ట, తొడ, జబ్బ వెనకవైపు. డబ్బాలో వచ్చే కరపత్రంలోని బొమ్మల్లో కూడా ఈ మూడే కనిపిస్తాయి.

చాలామందికి పొట్టే సులువు. కళ్లకు ఎదురుగా ఉంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బొడ్డు చుట్టూ ఐదు సెంటీమీటర్ల మేర వదిలేయాలి. టేపు అక్కర్లేదు, బొడ్డు అంచు నుంచి మూడు వేళ్లు ఆనించి చూస్తే దాదాపు అంత దూరం వస్తుంది. ఆ గుండ్రానికి బయట, పక్కటెముకల కింది నుంచి పొత్తికడుపు దాకా ఉన్నదంతా పనికొస్తుంది. అందరూ బొడ్డుకు దగ్గరగానే వేసుకుంటారు కానీ, పక్కలకు జరిగితే ఇంకా బోలెడు జాగా ఉంటుంది.

తొడకైతే కుర్చీలో కూర్చోండి. మోకాలి పైన ఒక అరచేయి వెడల్పు, గజ్జల కింద ఒక అరచేయి వెడల్పు వదిలేయండి. మిగిలిన నడిమి భాగంలో ముందువైపు, ఇంకా మంచిది ముందుకూ పక్కకూ మధ్యనున్న వాలు. తొడ లోపలివైపు వద్దు. అక్కడ చర్మం పలుచన, నడిచేటప్పుడు రెండు తొడలూ రాసుకుంటాయి, పెద్ద రక్తనాళాలూ ఆ వైపే ఉంటాయి.

జబ్బ దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. కోవిడ్ టీకా వేయించుకున్న చోటు గుర్తుండి అక్కడే పొడుచుకుంటారు. అది భుజం కండ. టీకాకు కావలసింది కండ, ఈ మందుకు కావలసింది కొవ్వు. చేయి వేలాడదీసినప్పుడు భుజానికీ మోచేతికీ నడుమ వెనకవైపు మెత్తగా ఉండే భాగం చూసుకోవాలి. అక్కడికి మన చేయి సరిగా అందదు, అందినా చర్మాన్ని పట్టుకోవడానికి రెండో చెయ్యి మిగలదు. మౌంజారో కరపత్రం జబ్బకైతే వేరొకరి చేత వేయించుకోమంటుంది. మీది ఏ మందైనా ఆ సలహా పాటించడం మంచిది. వేయడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే జబ్బను మరిచిపోండి. పొట్ట, తొడలు చాలు.

చోటు మారితే మందు బలం మారదు

ఈ విషయంలో తిరిగే పుకార్లు అన్నీ ఇన్నీ కావు. తొడకు వేసుకుంటే వికారం తగ్గుతుందని ఒకరు, పొట్టకు వేసుకుంటేనే బాగా పట్టుతుందని ఇంకొకరు. ఏ చోటు పొడిస్తే అక్కడి కొవ్వే కరుగుతుందన్నది అన్నిటికన్నా మొండి నమ్మకం. జబ్బలు లావుగా ఉన్నాయని జబ్బలకే వేయించుకునేవారూ ఉన్నారు.

వెగోవీలో ఉండే మందు సెమాగ్లుటైడ్, మౌంజారోలో ఉండేది టిర్జెపటైడ్. ఈ రెండూ పొడిచిన చోట కొవ్వును కరిగించవు. ఆ చోటు లోపలికి వెళ్లే గుమ్మం మాత్రమే. అక్కడి నుంచి మందు మెల్లగా రక్తంలో కలుస్తుంది. ఆకలిని అదుపుచేసే మెదడు భాగాల మీద, ఆహారం కిందికి జారే వేగం మీద, క్లోమం మీద పనిచేస్తుంది. కొవ్వు ఏ భాగం నుంచి ముందు తగ్గాలో మీ శరీర తత్వమే నిర్ణయిస్తుంది. పొట్ట, తొడ, జబ్బ ఈ మూడింట్లో ఎక్కడ వేసినా రక్తంలోకి చేరే మందు దాదాపు సమానమేనని తయారీదారుల సమాచారమే చెబుతోంది. కాబట్టి చోటు మార్చినప్పుడు మోతాదు మార్చనక్కర్లేదు.

మరి తొడకు మార్చాక వికారం తగ్గిందని చెప్పేవారు అబద్ధం చెబుతున్నారా? లేదు. మోతాదు పెంచిన మొదటి వారాల్లో వికారం ఎక్కువగా ఉండి, తర్వాత ఒళ్లు అలవాటు పడుతుంది. సెమాగ్లుటైడ్ సగానికి తగ్గడానికి వారం, టిర్జెపటైడ్‌కు ఐదు రోజులు పడుతుంది. అంటే గత వారం డోసు పూర్తిగా పోకముందే ఈ వారం డోసు దాని మీద చేరుతుంది. నాలుగైదు వారాలకు గానీ రక్తంలో దాని మట్టం నిలకడకు రాదు. ఎవరైనా వికారం భరించలేక మూడో వారం తొడకు మారితే, అప్పటికే తగ్గుముఖం పట్టిన వికారం తాలూకు ఘనత తొడకు దక్కుతుంది. తొడకు వేసుకుంటే మనసుకు నెమ్మదిగా ఉంటుందంటే వేసుకోండి, నష్టం లేదు. వాంతులు ఆగకపోతే మాత్రం మార్చాల్సింది చోటు కాదు. డాక్టరుతో మాట్లాడి మోతాదు చూసుకోవాలి.

ఆ భాగాల్లోనూ వదిలేయాల్సినవి

మంచి వెలుతురులో ఒకసారి నిదానంగా చూసుకోండి. కమిలిన చోటు, ఎర్రబడిన చోటు, ముట్టుకుంటే నొప్పి పెట్టే చోటు, గట్టిపడిన చోటు పనికిరావు. సిజేరియన్ కుట్ల మచ్చ, అపెండిక్స్ కోత, కాలిన మచ్చ, పుట్టుమచ్చ, కాన్పు తర్వాత మిగిలిన చారలు కూడా వద్దు. మచ్చ కింద కణజాలం బిగుసుకుని ఉంటుంది, మందు సమంగా పరుచుకోదు. హెర్నియా ఉన్నవారు ఆ ఉబ్బుకు దూరంగా ఉండాలి.

మన దగ్గర వేసవిలో ఇంకో చిక్కుంది. పొట్ట మడత కింద చెమట నిలిచి చెమటకాయలో తామరో వస్తుంది. ఆ మడత లోపల వేసుకోకండి. చెమటకాయలు తగ్గేదాకా పై భాగమో తొడో చూసుకోండి.

కరపత్రాల్లో రాయని సంగతి ఒకటుంది. మనకు నడుము దగ్గర నిత్యం ఒరుసుకునే గీత ఒకటి ఉంటుంది. మొలతాడు, లంగా బొందు, లుంగీ ముడి, ప్యాంటు బెల్టు. ఎవరి గీత వారిది. రోజంతా బొందు బిగిసి ఉండే చోట పొడిచి, మళ్లీ అదే బొందు బిగిస్తే, ఎరుపు త్వరగా పోదు. ఆ గీతకు రెండు వేళ్లు పైకో కిందికో జరగండి.

ఒకే చోట ఎందుకు వద్దు?

మా పెద్దమ్మ చాలా ఏళ్లుగా ఇన్సులిన్ వేసుకునేది. బొడ్డుకు ఎడమపక్కన చర్మం కింద నిమ్మకాయంత మెత్తటి గడ్డ ఒకటి తేలింది. ఇంకెక్కడా వేసుకోకుండా రోజూ ఆ గడ్డలోనే ఎందుకు పొడుచుకుంటున్నావని అడిగితే, "అక్కడైతే నొప్పి తెలియదురా" అంది. నిజమే, అలాంటి గడ్డలో స్పర్శ మొద్దుబారుతుంది. నొప్పి లేదని మనిషి మళ్లీ అక్కడికే వెళ్తాడు, గడ్డ పెరుగుతుంది, మందు ఒకరోజు ఎక్కువగా ఇంకొకరోజు తక్కువగా ఒంటబడుతుంది. ఆమె చక్కెర ఎందుకు నిలకడగా ఉండటం లేదో చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు.

ఇన్సులిన్‌కు కొవ్వును పెంచే గుణం ఉంది కాబట్టి దానితో గడ్డలు ఎక్కువ. బరువు తగ్గే మందులకు ఆ గుణం లేదు, పైగా పొడిచేది వారానికి ఒక్కసారి. కాబట్టి పెద్దమ్మ గడ్డను చూపించి మిమ్మల్ని బెదిరించడం న్యాయం కాదు. అయినా ఒకే అంగుళం జాగాలో పదే పదే పొడిస్తే దురద, ఎరుపు, బఠాణీ గింజంత గట్టి ముడులు రావచ్చు. అందుకే కరపత్రాలన్నీ ప్రతిసారీ చోటు మార్చమంటాయి. ఇదే కోవకు చెందిన, రోజూ వేసుకునే లిరాగ్లుటైడ్ అనే మందు వాడేవారికి నెలకు ముప్ఫై పోట్లు. వాళ్లు ఈ విషయంలో మరీ పట్టుగా ఉండాలి.

పెన్నుకో చుట్టు

మన దేశంలో అమ్మే మౌంజారో క్విక్‌పెన్‌లో, వెగోవీ పెన్నులో నాలుగేసి డోసులుంటాయి, అంటే నాలుగు వారాలకు ఒక పెన్ను. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒక్కసారి వాడి పారేసే పెన్నులు తెచ్చుకున్నా డబ్బాకు నాలుగే వస్తాయి. ఈ నాలుగు అంకెనే వాడుకుందాం. పెన్ను మొదలైతే చుట్టు మొదలు, పెన్ను అయిపోతే చుట్టు పూర్తి.

మొదటి వారం పొట్ట కుడివైపు. రెండో వారం ఎడమ తొడ. మూడో వారం పొట్ట ఎడమవైపు. నాలుగో వారం కుడి తొడ. కొత్త పెన్ను తెరిచాక మళ్లీ పొట్ట కుడివైపుకే వస్తారు కానీ, కిందటిసారి పొడిచిన చోటు నుంచి కనీసం ఒక వేలి వెడల్పు జరుగుతారు. వీలైతే రెండు వేళ్లు. ఇలా అయితే ఏ భాగానికైనా నెల రోజుల విశ్రాంతి దొరుకుతుంది, ఏ చుక్కకైనా అంతకు ఎన్నో రెట్లు.

తొడ అంటే భయం, పొట్ట తప్ప మరొకటి వద్దు అనేవారికీ దారి ఉంది. బొడ్డు మీదుగా నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీతలు గీసినట్టు ఊహించుకోండి. నాలుగు గదులు వస్తాయి. వారానికో గది, గడియారం ముల్లు తిరిగే వైపుగా. ఒకే భాగంలో వేసుకోవడం తప్పు కాదు, ఒకే చుక్కలో వేసుకోవడమే తప్పు.

ఇక గుర్తుపెట్టుకోవడం. వారానికోసారి చేసే పని కాబట్టి కిందటి వారం చోటు గుర్తుండదు. "కుడివైపే అనుకుంటా" అన్న అనుమానంతోనే అందరూ అలవాటైన చోటుకు జారుకుంటారు. ఫోనులో రాసుకోవచ్చు. నాకైతే గోడ మీది క్యాలెండరే నచ్చుతుంది. ఇంజెక్షన్ వేసుకున్న తేదీ గడిలో తిథి పక్కన "పొ.కు", "తొ.ఎ" అని రాస్తే చాలు, డోసు వేసుకున్నామా లేదా అన్న రెండో అనుమానమూ తీరుతుంది. వేసుకున్న వెంటనే రాయండి. రాత్రికి రాద్దామనుకున్నది రాసిన దాఖలా లేదు.

బరువు తగ్గుతున్న కొద్దీ ఈ పటం కూడా మారుతుంది. నెలలు గడిచాక తొడ మీద కొవ్వు పలచబడి వేళ్లకు కండ తగలవచ్చు. పొట్ట చర్మం వదులై కొత్త మడతలు పడవచ్చు. మోతాదు మారినప్పుడల్లా ఒకసారి మూడు చోట్లనూ కొత్తగా తడిమి చూసుకోండి. కొవ్వు పట్టుకోవడానికి సరిగా దొరకని తొడను పక్కన పెట్టి పొట్టలోని నాలుగు గదులకు మారిపోండి.

వేసుకునే రోజు

పెన్ను ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచండి. చల్లటి మందు ఎక్కువ మండుతుంది. తొందరపడి వేడినీళ్లలో పెట్టడం, ఎండలో ఉంచడం కుదరదు. ఈలోగా చేతులు సబ్బుతో కడుక్కుని, క్యాలెండరు చూసి ఈ వారం చోటు ఏదో తేల్చుకోండి.

ఆ చోటును మూడు వేళ్ల కొసలతో మెల్లగా నొక్కుతూ గుండ్రంగా తడమండి. చుట్టుపక్కల చర్మం ఎలా ఉందో అక్కడా అలాగే ఉండాలి. కింద ఏదైనా గట్టిగా తగిలినా, ఉబ్బుగా అనిపించినా రెండు వేళ్లు పక్కకు జరగండి. కంటికి కనిపించని గడ్డలు వేలికి తెలుస్తాయి కాబట్టి ఈ తడమడం మానకండి. తర్వాత స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనివ్వండి. ఆరకముందే పొడిస్తే తడి స్పిరిట్ సూదితో పాటు లోపలికి వెళ్లి చురుక్కుమంటుంది. మందు మండుతోందని చెప్పేవారిలో కొందరి బాధ ఇదే. ఊదకండి, విసరకండి, ఊరికే ఆగండి.

ప్రతిసారీ కొత్త సూది. నాలుగు మిల్లీమీటర్ల సూదైతే చర్మానికి నిటారుగా పొడవాలి. చాలామందికి చర్మం పట్టుకోవాల్సిన పని లేదు. సన్నటి తొడ అయితేనో, సూది అంతకన్నా పొడవైనదైతేనో బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్ని మెల్లగా పైకెత్తి పట్టుకోండి. కండతో సహా పిడికిట పట్టకూడదు. బటన్ పూర్తిగా నొక్కాక సూదిని అలాగే ఉంచి ఆరు దాకా నిదానంగా లెక్కపెట్టండి. అంకె సున్నాకు వచ్చిందని వెంటనే లాగేస్తే మందు చుక్క బయటే ఉండిపోతుంది. సూది బయటికి వచ్చాకే పట్టుకున్న చర్మాన్ని వదలండి.

వేసుకునే ముందు పెన్నులోంచి గాలి తీయడం ప్రతిసారీ చేయాలా, కొత్త పెన్నుకే చేయాలా అన్నది పెన్ను పెన్నుకూ వేరు. మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు 2026 మార్చిలో తీరింది కాబట్టి పెన్నుల రకాలు పెరిగేవే తప్ప తగ్గేవి కావు. షాపులో వేరే కంపెనీ పెన్ను ఇస్తే పాతదాని అలవాటుతో తిప్పకుండా కొత్త కాగితం చదవండి.

ఇన్సులిన్ కూడా వేసుకునేవారు ఈ రెండింటినీ ఒకే సిరంజిలో కలపకూడదు. రెండూ పొట్టకే వేసుకోవచ్చు కానీ పక్కపక్కన వద్దు. ఇన్సులిన్‌కు పొట్ట, వారం మందుకు తొడ అని పంచేస్తే గందరగోళమే ఉండదు.

వేసుకున్న తర్వాత

సూది తీసిన చోట చిన్న రక్తపు బొట్టు వస్తే పొడి దూదితో అదిమి పట్టండి, రుద్దకండి. ఒక చుక్క మందు చర్మం మీద మిగిలినా రెండో డోసు వేసుకోకండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారికి కమిలిన మచ్చ కాస్త పెద్దగా రావచ్చు. దాన్ని క్యాలెండరులో గుర్తుపెట్టి, అది పోయేదాకా ఆ వైపు వెళ్లకుండా ఉంటే చాలు.

కాస్త ఎరుపు, కాస్త దురద ఒకటి రెండు రోజుల్లో పోతాయి. రోజురోజుకూ ఎరుపు పాకుతున్నా, వేడిగా ఉన్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి. ఒళ్లంతా దద్దుర్లు, ముఖమో నాలుకో వాపు, ఊపిరి అందకపోవడం కనిపిస్తే ఫోను చేసి అపాయింట్‌మెంట్ అడిగే సమయం కాదది. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

వాడుతున్న పెన్నును ముప్ఫై డిగ్రీలు దాటనివ్వకూడదు. ఆ ముప్ఫైలోపు కూడా మౌంజారో పెన్నుకు ముప్ఫై రోజులు, వెగోవీ పెన్నుకు ఆరు వారాలే గడువు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఇంట్లో గది కూడా ఆ గీత దాటుతుంది కాబట్టి ఫ్రిజ్ తలుపు అరే దిక్కు. డీప్ ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టకండి, గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. సూదిని పెన్నుకు తగిలించి దాచకండి, మందు కారుతుంది, గాలి చేరుతుంది.

తీసిన సూదిని చెత్తబుట్టలో వదిలేస్తే, పొద్దున బండి మీద చెత్త చేత్తో వేరుచేసే మనిషి అరచేతిలో దిగుతుంది. బట్టల సబ్బునీళ్ల మందపాటి ప్లాస్టిక్ సీసా ఖాళీ అయ్యాక కడిగి ఉంచుకోండి. సూదులన్నీ అందులో వేసి, ముప్పావు నిండాక మూత బిగించి టేపు చుట్టండి. పైన "సూదులు" అని పెద్ద అక్షరాలతో రాసి, తడి చెత్తలో గానీ పొడి చెత్తలో గానీ కలపకుండా, మీకు మందు రాసిన ఆసుపత్రిలో తీసుకుంటారేమో అడిగి ఇవ్వండి. తీసుకోకపోతే చెత్త బండివాళ్లకు లోపల ఏముందో చెప్పి విడిగా చేతికివ్వండి.